వాహన పథకం మీ అవసరాన్ని నిజంగా తీరుస్తుందా? దివ్యాంగులు దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసిన విషయాలు

మూడు చక్రాల మోటారు వాహనాల కోసం ప్రభుత్వ ప్రకటన వెలువడినప్పుడల్లా అనంతపురం జిల్లాలోని గ్రామ, వార్డు సచివాలయాల్లో హడావిడి మొదలవుతుంది. సదరం ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫొటోలు పట్టుకుని జనం వస్తారు. గడువు ముగిసేలోపు దరఖాస్తు పడాలన్నదే అందరి ఆత్రం. ఆ ఆత్రంలో అసలు అడగవలసిన ప్రశ్న వెనకబడిపోతుంది. వచ్చే బండి మన శరీరానికి, మనం తిరిగే దారికి, మనం చేసే పనికి సరిపోతుందా? సరిపోకపోయినా, ఏడాది తిరిగేసరికి మూలపడినా, దాని బాధ్యత ఎవరు తీసుకుంటారు? ఉచిత పథకమైనా, బ్యాంకు అప్పుతో కొనేదైనా, నెలవారీ లీజు అయినా ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి ఒక్కటే. చలన వైకల్యం ఉన్నవారిని ముఖ్యంగా దృష్టిలో పెట్టుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు మీ ప్రయాణాన్ని కాగితం మీద పెట్టండి

పథకం నిబంధనలు చదవడానికి ముందు ఒక వారం పాటు మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో, వాహనం లేక ఎక్కడికి వెళ్లలేకపోయారో రెండూ రాసుకోండి. రెండోది రాయడం చాలా ముఖ్యం. ఎందుకంటే మానుకున్న ప్రయాణాలు క్రమంగా మనకే అవసరం లేనివిగా తోచడం మొదలవుతాయి. నార్పలలో కుట్టుపని చేసుకునే ఒక మహిళ నెలకు ఒకసారి బట్టల కోసం అనంతపురం వస్తున్నారంటే ఆమెకు నెలకు ఒకసారే బండి అవసరమని అర్థం కాదు. పల్లెవెలుగు బస్సు మెట్లు ఎక్కించడానికి, దించడానికి తోడు వచ్చేవారు నెలకు ఒకసారే దొరుకుతున్నారని అర్థం కావచ్చు.

ప్రతి ప్రయాణం పక్కన దూరం, దారి, వెంట తీసుకెళ్లే సామాను, తోడు వచ్చే మనిషి వివరాలు రాయండి. దారి విషయంలో మన జిల్లా అంతా ఒక్కలా ఉండదు. జాతీయ రహదారి 44 మీద గుత్తి నుంచి అనంతపురం దాకా సాఫీగా వచ్చే బండే, ఉరవకొండ వైపు నల్లరేగడి పొలాల మధ్య వాన కురిసిన మర్నాడు మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని కదలకుండా నిలిచిపోతుంది. ఒంటి వరస తారు రోడ్డు మీద ఎదురుగా లారీ వచ్చినప్పుడు మామూలు ద్విచక్ర వాహనదారు తారు అంచు నుంచి మట్టిలోకి దిగి దారి ఇస్తాడు. సైడ్ వీల్స్ (వెనక చక్రానికి ఇరువైపులా బిగించే అదనపు చక్రాలు) ఉన్న స్కూటరుకు అది అంత తేలిక కాదు. ఒక పక్క చక్రం తారు మీద, మరో పక్క చక్రం అర అడుగు కిందున్న మట్టిలో పడితే బండి మొత్తం ఒరిగిపోతుంది. కాలు ఊనలేని మనిషికి ఆ ఒరుగు నుంచి తేరుకునే దారి ఉండదు. మీరు రోజూ తిరిగే దారిలో ఇలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో తెలియకుండా ఏ వాహనం మంచిదని ఎవరూ చెప్పలేరు.

ఇంటి గేటు వెడల్పు, రాత్రి బండి నిలిపే చోటు, అక్కడి నుంచి మంచం దాకా ఉన్న దూరం టేపుతో కొలవండి. బండి గేటు బయటే ఉండిపోయి, అక్కడి దాకా పాకవలసి వస్తే ఆ వాహనం సగం అవసరాన్నే తీర్చినట్టు.

శరీరానికి తగినది ఏది

ఒక కాలు మాత్రమే బలహీనంగా ఉన్నవారికీ, రెండు కాళ్లకూ క్యాలిపర్లు (నిలబడటానికి కాలికి కట్టే ఊతలు) ఉన్నవారికీ, వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివారికీ ఒకే బండి ఇచ్చి అందరి అవసరం తీరిందనడం సరికాదు. ఎడమ కాలు మాత్రమే పని చేయనివారు ఆటోమేటిక్ గేరు కారును చాలావరకు ఏ మార్పూ లేకుండానే నడపగలరు, ఎందుకంటే అందులో క్లచ్ పెడల్ ఉండదు. కుడి కాలు పని చేయనివారికి ఎడమ పక్కన యాక్సిలరేటర్ పెడల్ అమర్చాలి. రెండు కాళ్లూ పని చేయనివారికి యాక్సిలరేటర్, బ్రేకు రెండూ చేతితో నడిచే లీవరు కావాలి. స్కూటరులో బ్రేకులు చేతిలోనే ఉంటాయి కాబట్టి కాళ్ల వైకల్యం ఉన్నవారికి అది అనుకూలం. అయితే ఎడమ చేతి పట్టు తక్కువ ఉన్నవారు మాత్రం జాగ్రత్తపడాలి. ఇప్పటి చాలా స్కూటర్లలో రెండు చక్రాల బ్రేకులూ కలిపి పనిచేసేది ఎడమ లీవరుతోనే.

సైడ్ వీల్స్ బిగించిన స్కూటరును పరీక్షించేటప్పుడు కొత్త బండి మెరుపును కాక, వెనక మూడు చక్రాలు నేల మీద ఎలా కూర్చున్నాయో చూడండి. పక్క చక్రాలకు సస్పెన్షన్ లేకపోయినా, వాటిని మరీ కిందికి బిగించినా, గుంత మీదికి వచ్చేసరికి బరువంతా పక్క చక్రాల మీద నిలిచి మధ్యలోని అసలు చక్రం గాలిలో తిరుగుతుంది. ఇంజను మోగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. దిగి నెట్టలేని మనిషికి ఎండలో అది చాలా పెద్ద ఆపద. అందుకని పరీక్షను షోరూము ముందున్న సిమెంటు నేల మీద కాక ఊళ్లోని స్పీడ్ బ్రేకరు మీద, మట్టి రోడ్డు మీద చేయండి. వెనక్కి నడిపే రివర్స్ గేరు ఉన్న సైడ్ వీల్స్ కిట్లు కూడా వస్తున్నాయి. కాలితో బండిని వెనక్కి తోసుకోలేనివారికి అది తప్పనిసరి అనే నా అభిప్రాయం. చంక కర్రలు పెట్టుకునే క్లిప్పులు, వీల్‌చెయిర్ మడిచి పెట్టే చోటు ఉన్నాయో లేదో కూడా చూడండి. కర్రలు ఇంట్లో వదిలి వెళ్లవలసి వస్తే గమ్యం చేరాక బండి దిగడమే కుదరదు.

కండరాల క్షీణత వంటి పరిస్థితులు ఉన్నవారు ఇంకొకటి ఆలోచించాలి. ఈ ఏడాది స్కూటరు నడపగలిగిన చేతులు మూడేళ్ల తర్వాత అలాగే ఉండకపోవచ్చు. పోలియో వచ్చి కోలుకున్నవారిలోనూ నడివయసులో కొత్త బలహీనత రావచ్చు. కాబట్టి డాక్టరును ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఐదేళ్ల తర్వాత నా భుజాలు, చేతులు ఎంతవరకు పనిచేస్తాయి? అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా దివ్యాంగులకు పరికరాలు, పునరావాస సేవలు అందిస్తోంది. సదరం శిబిరంలో శాతం తేలుస్తారే గాని మీకు ఏ బండి నప్పుతుందో చెప్పరు. ఆ సలహాను మీరే వెళ్లి అడిగి తీసుకోవాలి.

ఉచిత పథకం ఏమిస్తుంది, ఏమివ్వదు

రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సహాయ సంస్థ ద్వారా వంద శాతం రాయితీతో మూడు చక్రాల మోటారు వాహనాలు ఇస్తున్నారు. ఈమధ్య ప్రకటనల్లో నియోజకవర్గానికి పది చొప్పున 175 నియోజకవర్గాలకు 1,750 వాహనాలు కేటాయించారు. 70 శాతం లేదా అంతకు మించిన చలన వైకల్యం, 18 నుంచి 45 ఏళ్ల వయసు, మూడు లక్షల రూపాయల లోపు వార్షికాదాయం వంటి షరతులు పెట్టారు. ప్రతి ప్రకటనలో చిన్న చిన్న మార్పులు ఉంటాయి కాబట్టి తాజా ప్రకటనను ఆసాంతం చదవండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగిందని కూడా గుర్తుంచుకోండి. ధర్మవరం, హిందూపురం, కదిరి వైపు వారు శ్రీసత్యసాయి జిల్లా అధికారుల వద్దే దరఖాస్తు విషయం మాట్లాడాలి.

వీటికి తోడు దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే, 1981 నుంచి నడుస్తున్న కేంద్ర అడిప్ పథకం ఉంది. దీని కింద 1972లో కాన్పూర్‌లో ఏర్పడిన అలింకో సంస్థ తయారుచేసే బ్యాటరీ ట్రైసైకిళ్లు శిబిరాల ద్వారా అందుతాయి. ఊళ్లోనే తిరిగేవారికి, చిన్న దుకాణం నడుపుకునేవారికి అది బాగా ఉపయోగపడుతుంది. పామిడి నుంచి రోజూ అనంతపురానికి ఉద్యోగానికి వచ్చేవారికి అది చాలదు.

ఈ పథకాల మేలును నేను తక్కువ చేయడం లేదు. కొనలేని మనిషి ఇంటి ముందుకు బండి రావడం జీవితాన్నే మారుస్తుంది. కాని వయసు 46 అయినవారికి, వైకల్యం 60 శాతం అని తేలినవారికి, పదకొండో దరఖాస్తుదారుకు అందులో చోటు లేదు. బండి చేతికి వచ్చినవారికి కూడా టైర్లు, బ్యాటరీ, బీమా రెన్యువల్, పక్క చక్రాల బేరింగులు ఎవరి ఖర్చన్నది తేల్చుకోవలసిన విషయంగానే మిగులుతుంది. అందుకే వాహనం అందుకునే ముందే అడిగి రాయించుకోండి: వారంటీ ఎన్నేళ్లు, అది స్కూటరుకేనా, సైడ్ వీల్స్ కిట్‌కు కూడానా, కిట్ చెడిపోతే అనంతపురంలోనే బాగుచేస్తారా లేక మరో ఊరికి పంపాలా, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి. స్కూటరు కంపెనీ సర్వీసు సెంటరు సైడ్ వీల్స్ అమర్చిన బండిని తీసుకోవడానికి వెనకాడే సందర్భాలు ఉంటాయి. కాబట్టి మీకు దగ్గరలో ఉన్న సర్వీసు సెంటరుకు వెళ్లి ముందే మాట్లాడండి.

లీజు గురించి

లీజు ఎలా నడవగలదో చూడటానికి బ్రిటన్ ఉదాహరణ తీసుకుందాం. బ్రిటన్‌లో 1977లో మోటబిలిటీ అనే సంస్థ మొదలైంది. అక్కడ ప్రభుత్వం దివ్యాంగులకు ఇచ్చే భత్యాల్లో రాకపోకల కోసం ఒక భాగం విడిగా ఉంటుంది. దానిలో పై స్థాయి మొత్తం అందుకుంటున్నవారు ఆ డబ్బును నెలనెలా మోటబిలిటీకి మళ్లించి కారునో, స్కూటరునో, పవర్ వీల్‌చెయిర్‌నో లీజుకు తీసుకోవచ్చు. కారు లీజు సాధారణంగా మూడేళ్లు. వీల్‌చెయిర్‌తో సహా లోపలికి ఎక్కగలిగే వాహనానికి ఐదేళ్లు. బీమా, సర్వీసింగ్, టైర్లు, దారిలో ఆగిపోతే సాయం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. చేతి కంట్రోళ్ల వంటి చాలా మార్పులను లీజు మొదట్లోనే అదనపు ఖర్చు లేకుండా అమర్చుతారు. తాను నడపలేని దివ్యాంగుడి కోసం కుటుంబసభ్యులు నడపడానికీ అవకాశం ఉంది.

దానిలోనూ లోటుపాట్లు లేకపోలేదు. పెద్ద వాహనం కావలసినవారు ముందుగా గణనీయమైన మొత్తం కట్టాలి. అర్హతను తిరిగి పరిశీలించినప్పుడు భత్యం ఆగిపోతే కారు వెనక్కి ఇవ్వాలి. భత్యంలో పై స్థాయి రానివారికి తలుపే తెరుచుకోదు. అయినా అది వాహనాన్ని ఒక్కసారి చేతిలో పెట్టి వెళ్లిపోయే వస్తువుగా కాక, కొన్నేళ్ల పాటు నడిచే సేవగా చూస్తుంది. మూడేళ్ల తర్వాత శరీరం మారితే వాహనమూ మారుతుంది. మన పథకాలకు లేనిది సరిగ్గా అదే.

మన దగ్గర భత్యాన్ని వాహనానికి మళ్లించే ఏర్పాటు లేదు. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు వచ్చే నెలకు 6,000 రూపాయల పింఛను ఇంటి ఖర్చుకే సరిపోతుంది. పైగా నాలుగు చక్రాల వాహనం ఉన్న కుటుంబాలను సంక్షేమ పథకాల అర్హత నుంచి తప్పించే నిబంధన మన రాష్ట్రంలో ఉంటూ వచ్చింది. బ్రిటన్‌లో భత్యమే కారు తెచ్చిపెడుతుంటే, ఇక్కడ కారు కొంటే పింఛనుకు ఇబ్బంది వస్తుందేమోనని భయపడవలసి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కాబట్టి కారు కొనాలన్నా, లీజుకు తీసుకోవాలన్నా, ఎవరి పేరున రిజిస్ట్రేషన్ జరుగుతుంది, దానివల్ల కుటుంబానికి వచ్చే పింఛనుపై, రేషన్ కార్డుపై ఏ ప్రభావం ఉంటుందని సచివాలయంలో లిఖితపూర్వకంగా అడిగి, జవాబు తీసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ప్రైవేటు కంపెనీలు నెలవారీ అద్దెకు కార్లు ఇస్తున్నాయి. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) ఎవరి పేరున ఉంటుందో, చేతి కంట్రోళ్లు అమర్చడానికి కంపెనీ లిఖితపూర్వక అనుమతి ఇస్తుందో లేదో, గడువు తీరాక వాటిని తీసేయడానికి ఖర్చు ఎవరిదో చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం హైర్ పర్చేజ్ (అద్దె వాయిదాలు కట్టి కొనే) ఒప్పందంలో ఉన్న వాహనానికి రిజిస్టర్డ్ యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా మార్పులు చేయకూడదు. పన్ను, టోల్ వంటి మినహాయింపులు కూడా ఆర్సీలో ఉన్న పేరుతో, యాజమాన్య వివరంతో ముడిపడి ఉంటాయి. ఆర్సీ కంపెనీ పేరున ఉంటే అవి మీకు అందడం కష్టం. ఈ లెక్కన చూస్తే, మార్పులు అవసరమైన వాహనం కావలసినవారికి ప్రైవేటు లీజు కంటే బ్యాంకు అప్పే మేలు. అప్పులో బ్యాంకు హైపోథికేషన్ (తాకట్టు) నమోదైనా ఆర్సీ మీ పేరునే ఉంటుంది. దివ్యాంగుల కోసం 1997లో ఏర్పడిన జాతీయ ఆర్థికాభివృద్ధి సంస్థ కూడా తక్కువ వడ్డీకి అప్పులు ఇస్తుంది. మామూలు వాహన రుణానికి సంతకం పెట్టే ముందు అక్కడ విచారించండి.

లైసెన్సు, రిజిస్ట్రేషన్

చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది. పథకానికి లైసెన్సు అడుగుతారు. లైసెన్సు పరీక్షకు వెళ్లాలంటే మీ శరీరానికి తగినట్టు మార్చిన వాహనం కావాలి. ఆ వాహనం పథకం ద్వారానే రావాలి. దీనికి దారి ఏమిటంటే, ప్రకటన కోసం ఎదురుచూడకుండా ముందే ఎల్‌ఎల్‌ఆర్‌కు (లెర్నర్ లైసెన్సుకు) దరఖాస్తు చేసి, ఇప్పటికే అలాంటి బండి ఉన్నవారి దగ్గర నేర్చుకుని, పరీక్ష రోజుకు వారి బండిని అడగడం. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పరీక్షకు వెళ్లవచ్చు. మీకు నడిపే సామర్థ్యం ఉందని లైసెన్సింగ్ అధికారికి నమ్మకం కలిగితే వైకల్యం కారణంగా లైసెన్సు నిరాకరించకుండా చట్టం వీలు కల్పించింది. 2019 సవరణతో పాత 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అన్న మాట పోయి 'అడాప్టెడ్ వెహికల్' వచ్చింది, కాబట్టి లైసెన్సులో ఆ తరగతినే అడగండి.

సొంత వాహనాన్ని అడాప్టెడ్ వాహనంగా మార్పించుకుని ఆ తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకునే వీలును కూడా అదే సవరణ ఇచ్చింది. మార్పు చేసిన మెకానిక్ దగ్గర బిల్లు, కిట్ తయారీదారు ఇచ్చిన ఆమోద పత్రం తప్పక తీసుకోండి; ఊరికే వెల్డింగు చేసి బిగించిన చక్రాలకు ఆమోదం దొరకడం కష్టం, పైగా అవి ప్రమాదకరం. దివ్యాంగుల వాహనాలకు అమర్చే కిట్లపై జీఎస్టీని 2021 సెప్టెంబర్‌లో జరిగిన కౌన్సిల్ సమావేశంలో 5 శాతానికి తగ్గించారు, బిల్లులో అది సరిగా పడిందో చూడండి.

కొత్త వాహనం రిజిస్టర్ చేసేటప్పుడు ఫారం 20లో యాజమాన్య రకం దగ్గర 'దివ్యాంగజన్' అని నింపించాలి. ఈ వెసులుబాటు 2020 అక్టోబర్ నుంచి ఉంది. డీలరు కుర్రాడు తొందరలో 'వ్యక్తిగతం' అని నొక్కేస్తే ఆ తర్వాత సరిచేయించుకోవడానికి ఆర్టీవో కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. తెర మీద కనబడే దరఖాస్తును మీరే చదివి ఒప్పుకోండి. జీవితకాల పన్ను మినహాయింపు వర్తిస్తుందా అని కూడా అప్పుడే అడగండి.

కార్ల జీఎస్టీ విషయంలో పాత సమాచారం ఇంకా చలామణిలో ఉంది. గతంలో చిన్న కార్లపై 28 శాతం పన్ను ఉన్నప్పుడు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ ధ్రువపత్రంతో చలన వైకల్యం ఉన్నవారికి 18 శాతమే పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లు అందరికీ 18 శాతానికే వచ్చాయి, కాబట్టి ఆ ధ్రువపత్రం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

బీమా, టోల్

వాహనంలో చేసిన మార్పును బీమా కంపెనీకి తెలపకపోతే ప్రమాదం జరిగిన రోజున అదే సాకుగా క్లెయిమ్ ఆగిపోవచ్చు. మార్పు ఆర్సీలో నమోదయ్యాక ఆ నకలు ఇచ్చి పాలసీలో ఎండార్స్‌మెంట్ (మార్పు నమోదు) రాయించండి. కిట్ విలువను కూడా బీమా మొత్తంలో చేర్చమనండి. దివ్యాంగుల కోసం మార్చిన వాహనాలకు సొంత నష్టం ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే ఐఎంటీ-12 అనే నిబంధన ఉంది. ఏజెంటు తనంతట తాను చెప్పకపోవచ్చు, ఆ నంబరు చెప్పి అడగండి.

శారీరక వైకల్యం ఉన్నవారి కోసం ప్రత్యేకంగా రూపొందించి తయారుచేసిన వాహనాలకు 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో మినహాయింపు ఉంది. కర్నూలు వైపు అమకతాడు, గుత్తి దగ్గర కాసేపల్లి, బెంగళూరు దారిలో మరూరు టోల్ గేట్ల మీదుగా తరచుగా కారులో వెళ్లేవారు మినహాయింపు ఫాస్టాగ్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. గేటు దగ్గర కార్డు చూపించి వాదించడం వల్ల ఫలితం తక్కువ.

బండి అందుకునే రోజు, ఆ తర్వాత

పంపిణీ సభలో తాళం చేతికి ఇచ్చి ఫొటో తీశాక వెంటనే సంతకాలు పెట్టించుకోవడం ఆనవాయితీ. సంతకానికి ముందు బండిని కనీసం పది నిమిషాలు నడపండి. ఎక్కి దిగడం, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం, కుడి ఎడమలకు పూర్తిగా తిప్పడం చేసి చూడండి. లోపం కనబడితే రసీదు మీదే రాసి సంతకం పెట్టండి. ఆర్సీ, బీమా, వారంటీ కార్డు, కిట్ బిల్లు నాలుగూ మీ చేతికి వచ్చాయో లేదో సరిచూడండి.

బండి మీ శరీరానికి సరిపోలేదని తేలినా, మరమ్మతుకు ఎవరూ పూచీ పడకపోయినా, జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకులకు దరఖాస్తు ఇచ్చి, అదే ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ నమోదు చేయించండి. ఆ దరఖాస్తులో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ పేరు ఎత్తండి. వ్యక్తిగత రాకపోకల కోసం రాయితీలు, వాహనాల్లో మార్పులు, సహాయం అందుబాటు ధరలో కల్పించే పథకాలు రూపొందించే బాధ్యతను ఆ సెక్షన్ ప్రభుత్వంపై పెట్టింది. కాబట్టి బాగుచేయించమని అడగడం బతిమాలడం కాదు. మూడు చక్రాల బండికి బదులు మార్పు చేసిన కారుకు రాయితీ కావాలనో, సైడ్ వీల్స్ మరమ్మతు కేంద్రం అనంతపురంలోనే పెట్టాలనో, మీ అవసరం ఏదైతే అది స్పష్టంగా రాయండి. మొదట్లో కాగితం మీద పెట్టుకున్న ప్రయాణాల జాబితాను దానికి జతచేయండి. స్పందన రాకపోతే అదే చట్టం కింద ఉన్న రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపవచ్చు. అప్పుడు కలెక్టరేట్‌లో ఇచ్చిన రసీదు నంబరు అవసరమవుతుంది కాబట్టి దాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.